ఏడో నంబరు ట్రాము

"సార్, డ్రైవర్లంతా దండులోకి పోయారు!" అన్నాడు గుమస్తా రొప్పుతూ.

"బందులోకా? జీతాలు పెంచి నెల కాలేదు, అప్పుడే బందేమిటయ్యా!" డిపో మేనేజరు బల్ల గుద్దాడు. ముప్పై ఏళ్ళు ట్రాము గంటల మధ్య నలిగిన చెవులవి. ఆయనకు మాట ఓ పట్టాన వినపడదు. అలాగని మాట పడే రకమూ కాదు.

"బందు కాదండీ, దండు! సైన్యం! మన దేశం కూడా యుద్ధంలోకి దిగిందని నిన్న రేడియోలో చెప్పారు కదా. పొద్దున్నే పన్నెండు మందీ వెళ్ళి పేర్లిచ్చేశారు."

మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. పై ఆఫీసు నుంచి ఫోను అప్పటికే వచ్చింది. పది గంటలకల్లా బండి కదలకపోతే లైను మూసేస్తారు. పట్టాలు పీకి, కరిగించి, ఫిరంగులు పోస్తారు. గేటు బయట చూస్తే తూటాల ఫ్యాక్టరీకి పోవలసిన ఆడవాళ్ళు యాభై మంది. అప్పుడే తూటాల్లాంటి మాటలు వదులుతున్నారు.

ఆ గుంపులోంచి ఒకావిడ తిన్నగా లోపలికి వచ్చింది. ఏడో నంబరు డ్రైవరు భార్య.

"బండి నేను నడుపుతానండి."

"నువ్వు నడపాల్సింది సంసారమమ్మా!"

"అదీ నడుపుతున్నాను. దానికన్నా ఇదే నయం, పట్టాలుంటాయి."

"పట్టాలు సరే, నీకు లైసెన్సు పట్టా ఉందా?"

"ఒకటేం ఖర్మ, రెండున్నాయి. ట్రాము కింద చూసుకోండి."

గేటు దగ్గర నవ్వులు పేలాయి. గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. మేనేజరు టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు.

"ఖాళీ బండి. కొండ దిగి, ఆస్పత్రి దాకా వెళ్ళి తిరిగి రావాలి. పక్కన నేనుంటాను. బండికి గీత పడిందో, నీ తలరాత నేను రాస్తాను!"

ఆవిడ ఎక్కి నిలబడింది. "ఎడమ చేతికి వేగం, కుడి చేతికి బ్రేకు, కుడి కాలికి గంట, ఎడమ కాలికి ఇసుక" అని పాఠం అప్పజెప్పినట్టు పైకే అనుకుంది.

"చూశావుటయ్యా పద్ధతి! మనవాళ్ళు నోరు తెరిచేది ఆవలించడానికే" అన్నాడు మేనేజరు, తమతో పాటు బండెక్కిన గుమస్తాతో.

బండి కదిలింది. కొండ నెత్తికెక్కింది. వాన వెలిసి ఎంతోసేపు కాలేదు. పట్టాలు తడితడిగా మెరుస్తున్నాయి. దిగడం మొదలుపెట్టగానే చక్రాలు జర్రుమన్నాయి. కింద రోడ్డుకు అడ్డంగా పాలబండి. గుమస్తా స్తంభాన్ని కావలించుకున్నాడు.

"బ్రేకు, బ్రేకు బిగించమ్మా!" అని అరిచాడు మేనేజరు.

"బిగిస్తే చక్రాలు ఆగుతాయండీ, బండి ఆగదు."

బ్రేకు వదులు చేసింది. ఎడమ కాలు తొక్కింది. బండి కింది పెట్టెలోంచి పట్టాల మీదికి బొలబొలా ఇసుక రాలింది. మళ్ళీ బిగించింది. చక్రాలు పట్టాలను కరుచుకున్నాయి. పాలబండికి మూరెడు దూరంలో ట్రాము ఆగి, టంగుమని గంట కొట్టింది. పాలవాడు చొక్కా మీద ఒలకబోసుకున్న పాలే ఆ రోజు జరిగిన మొత్తం నష్టం.

ఆస్పత్రి దగ్గర తిరిగి, కొండెక్కి, బండి డిపో గేట్లో అడుగు పెట్టేసరికి యాభై గొంతులూ ఒక్కటయ్యాయి.

"మా అక్కకు జై! ఏడో నంబరుకు జై!"

మేనేజరు ఫోను మీద పడ్డాడు. "కదిలింది సార్! ఫిరంగులకు ఇనుము ఇంకెక్కడన్నా ఏరుకోండి. మా లైను జోలికి రాకండి!" ఆ కేకకు ఫోను తీగ అక్కర్లేదు.

తర్వాత ఉద్యోగం కాగితం బల్ల మీద పరిచి, కలం విదిలించాడు. ఆడవాళ్ళందరూ కిటికీలకు అతుక్కుపోయారు.

"మీ ఆయన భలే నేర్పాడమ్మా!"

"భలేవారే! ఆయన పరీక్ష నాలుగుసార్లు తప్పితే, అంత లావు ట్రాము పుస్తకం దగ్గర కూర్చుని బట్టీ పట్టించింది నేనండీ."

"విన్నారుటే! డ్రైవరుకే గురువట మన అక్క!" అంది కిటికీలోంచి ఒకామె.

మేనేజరు కళ్ళు మెరిశాయి. "అయితే నువ్వు ఆయనకన్నా సీనియరువన్నమాట! బండి నడిపిన అనుభవం ఎన్నాళ్ళని రాయను?"

ఆవిడ గోడ గడియారం వంక చూసింది.

"ఇరవై రెండు నిమిషాలని రాయండి."