మాచిపత్రి మనిషి

"మాచిపత్రి ఉందా?"

"ఎంత కావాలి?"

"ఉన్నదంతా."

మూలికల కొట్టు పిన్ని తలెత్తి చూసింది. వరసగా ఇది మూడో వారం. అదే ముసలాయన, అదే మాసిన సంచీ, అదే మాట.

వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పిన్నే. కొట్టుకి దగ్గుమందు కోసం వచ్చేవాళ్ళకంటే గ్రహాల కోసం వచ్చేవాళ్ళే ఎక్కువ. ఏ ఆకు ఏ గ్రహానిది, ఏ వేరు ఏ వారం తవ్వాలి, అన్నీ ఆవిడ బల్ల మీద పుస్తకంలో ఉన్నాయి. మాచిపత్రి చంద్రుడి మూలిక. వెన్నెల పెరిగే రోజుల్లో, సోమవారం, ఎండ తగలకముందే కోయాలి. దిండు కింద పెట్టుకుంటే నిజమయ్యే కలలొస్తాయి. చెప్పులో పెట్టుకుంటే ఎంత నడిచినా అలుపు తెలీదు. గుమ్మానికి కడితే దిష్టి లోపలికి రాదు.

"ఇంత ఆకు దేనికండీ? కలలు సరిగ్గా రావడం లేదా?" నవ్వుతూనే కూపీ లాగింది పిన్ని.

ఆయన నవ్వలేదు.

"కడుపుతో ఉన్నవాళ్ళకి కూడా ఇస్తారా ఇది?"

"ఇవ్వకేం? అయిదో నెలలో, సోమవారం, కషాయం. కాన్పు తేలిగ్గా అవుతుందని పుస్తకంలో ఉందిగా!"

"పుస్తకంలో తప్పుండకూడదా?"

పిన్నికి ఒళ్ళు మండింది.

"రాసినాయనకి మీకంటే నాకంటే ఎక్కువే తెలుసు. కొనడానికొచ్చారా, వంకలు పెట్టడానికొచ్చారా?"

ఆయన బల్ల మీది పుస్తకం వంక ఒకసారి చూశాడు. సంచీ నింపుకుని వెళ్ళిపోయాడు.

పక్క కొట్లో గడియారాలు బాగుచేసే ఆయన మెడ సాచాడు.

"పిన్నీ, ఈ మనిషి వాలకం నాకేం నచ్చలేదు. పై బజారులో కూడా ఇంతేనట. రెమ్మ మిగల్చడట. ఏ చేతబడికో ఏమో!"

"ఛ, ఊరుకో" అంది గానీ, పిన్ని మనసులో పురుగు దొలవడం మొదలెట్టింది.

తర్వాతి వారం కొట్టు గడియారాలాయనకి అప్పజెప్పి, ముసలాయన వెనకే నడిచింది.

రైలు పట్టాల పక్కన ఖాళీ జాగాలో ఆగాడాయన. సంచీ బోర్లించాడు. అగ్గిపుల్ల గీశాడు. ఆఖరి రెమ్మ బూడిదయ్యేదాకా అక్కణ్ణించి కదల్లేదు. పెదాలు మాత్రం ఏదో గొణుగుతున్నాయి.

పిన్ని దూరంగానే ఆగిపోయింది. కొని మరీ తగలబెట్టేవాడు ఎవడుంటాడు? మంత్రం కాకపోతే ఆ గొణుగుడేమిటి? ఇంట్లో కడుపుతో ఉన్న కూతురుందాయె!

ఆ రోజునుంచి ఆయన వస్తే "ఆకు లేదు" అనేసేది. పై బజారువాళ్ళకీ కబురంపింది.

కూతురికి అయిదో నెల వచ్చాక మొదటి సోమవారం. కొట్టు వెనక గదిలో స్టౌ మీద కషాయం మరుగుతోంది.

"అమ్మా, వాసనకే వాంతి అయ్యేలా ఉందే."

"ముక్కు మూసుకుని గుటుక్కున మింగెయ్. నీ మంచికేగా చెప్పేది!"

అంతలో గుమ్మం దగ్గర అలికిడి. ముసలాయన!

లోపలికే వచ్చేశాడు. కూతురి పొట్ట వంక చూశాడు. స్టౌ వంక చూశాడు. మరుక్షణం ఉత్తచేతుల్తో గిన్నె ఎత్తి మోరీలో కుమ్మరించాడు.

పిన్ని పెట్టిన కేకకి వీధంతా వచ్చిపడింది. గడియారాలాయన ముసలాయన్ని చొక్కా పట్టి బయటికీడ్చాడు. ఎవరో చెయ్యి కూడా చేసుకున్నారు. ఆయన ఎదురు తిరగలేదు. పొక్కిన చేతులు చాపి ఒకటే మాట.

"తాగనివ్వకమ్మా... ఆ పిల్లని తాగనివ్వకు."

"నా కూతురి మీదే కన్నేశావా? మళ్ళీ ఈ వీధిలో కనిపించావంటే కాళ్ళు విరగ్గొట్టిస్తా!"

మళ్ళీ కనిపించలేదు.

పొయ్యి మీంచి ఒలికిపోయిన కషాయం వెంటనే పెట్టకూడదని పిన్ని పై సోమవారానికి వాయిదా వేసుకుంది. ఈలోగా కూతుర్ని పరీక్షకి తీసుకెళ్ళి, ఆ కథంతా డాక్టరమ్మకి ఏకరువు పెట్టింది.

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది.

"ఏం ఆకు అన్నారు?"

"మాచిపత్రి."

"తాగిందా?"

"ఎక్కడ తాగనిచ్చాడండీ, ఆ పాపిష్టివాడు!"

"ఆయనెవరో గానీ చల్లగా ఉండాలి. అంత చిక్కగా తాగి ఉంటే గర్భం నిలిచేది కాదు. రక్తం ఆగకపోతే మీ అమ్మాయే మిగిలేది కాదు."

పిన్ని ఆ సాయంత్రమే ముసలాయన కోసం వెతకడం మొదలెట్టింది.

ఆయన చేతులకి కట్టు కట్టిన కాంపౌండరు దొరికి, అడ్రసు తెలిసేసరికి పది రోజులు పట్టింది. ఒక నడివయసావిడ తలుపు తీసింది.

"నాన్నగారా? పోయి నాలుగు రోజులైందండీ. అసలే షుగరు మనిషి. కాలిన చేతులు మానలేదు, జ్వరం పట్టుకుంది."

పిన్ని గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా చెప్పింది.

"మీరేనా! ఆ రోజు ఎన్నేళ్ళకో కడుపునిండా తిన్నారండీ. 'ఒక్కదాన్ని ఆపగలిగానే' అన్నారు."

ఆవిడ పిన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. గోడ పొడుగునా పుస్తకాలు. పిన్ని బల్ల మీద ఉన్న పుస్తకమే, వందల కొద్దీ. అన్నిట్లోనూ ఒకే చోట కాగితం చింపేసి ఉంది.

"ఊరూరా తిరిగి వెనక్కి కొన్నారు. దొరకనివి ఇంకా ఎన్నున్నాయో. అందుకే ఆకు వెంట పడ్డారు."

"ఎందుకమ్మా ఆయనకంత పట్టుదల?"

ఆవిడ ఒక పుస్తకం తీసి, పైట చెంగుతో దుమ్ము తుడిచింది.

"ఇది రాసింది నాన్నగారేనండీ; ఆ పేజీ నమ్మి మొదట తాగింది మా అక్క."