కవరు చించినవాడు

"మా కవర్లు చించేది నువ్వే. చూస్తా ఊరుకున్న ఈ డ్రైవర్లదీ, డిపో వాళ్ళదీ కూడా తప్పే."

తిరుపతి బస్టాండులో విజయవాడ బస్సు పక్కన నిలబడి, పదిమందికీ వినబడేలా ధనంజయ అన్నాడు.

సుభాన్ బాషా బస్సు టాపు మీద మూటలు సర్దుతున్నాడు. నిదానంగా నిచ్చెన దిగాడు. యాభై దాటిన కూలీ. వార్తల కవర్లు తీసిపెట్టి, సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిచ్చి పత్రికాఫీసుకు పంపేది కూడా అతనే.

ఆ కవర్లలో వెళ్ళేవి జర్నలిజం విద్యార్థులు రాసిన వార్తలు. ప్రతి ఆదివారం వాళ్ళకని పత్రిక అరపేజీ కేటాయించింది. ఏడాది చివర వాళ్ళలో ఒకరిని జిల్లా విలేకరిగా తీసుకుంటామని మాట కూడా ఇచ్చింది. ఆ ఒక్కడూ తానేనని ధనంజయ నమ్మకం. చిత్తూరులో వాళ్ళ నాయనైతే ఉద్యోగం వచ్చేసినట్టే వీధంతా చెప్పుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం ధనంజయ బాషాకు కవరు ఇచ్చి వెళ్ళాడు. ఒక కాగితం మరిచిపోయి సాయంత్రం మళ్ళీ వచ్చాడు. చూస్తే, కవరు పక్కంతా చించి అన్నం మెతుకులతో అతికించి ఉంది.

"చించింది నిజమే సామీ," అన్నాడు బాషా.

"ఎందుకు?"

"చదివేదానికి."

"ఒకరి కవరు చదవడం తప్పని తెలీదా నీకు?"

"ఇది ఉత్తరం కాదు గదా సామీ. వార్త. ఎల్లుండి జిల్లా అంతా చదివేదే."

డ్రైవరు నవ్వాడు. టిక్కెట్టు కోసం నిలబడ్డవాళ్ళూ నవ్వారు. ధనంజయ చెవులు కాలిపోయాయి.

బాషా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఒక మాట అడగతా, ఏమీ అనుకోవద్దు. మీరు రాసే పల్లెలకు ఒకసారన్నా పోయినారా సామీ?"

పోలేదు. హాస్టలుకు పాలు పోసేవాడు ఏదో చెబుతాడు, ఇతను గదిలో కూర్చుని రాస్తాడు. జవాబు లేని ప్రశ్న అడిగినవాడి మీద వచ్చే కోపం మామూలు కోపం కాదు. మర్నాడే లెక్చరరు పరంధామయ్య దగ్గరికి పోయి ఫిర్యాదు చేశాడు.

ఆ అరపేజీ కింద "నిర్వహణ: పరంధామయ్య" అని పడుతుంది. కటింగులన్నీ ఫైలు కట్టి పైవాళ్ళకు చూపించుకుంటున్నాడాయన. కాలేజీ కాగితం మీద డిపోకు గట్టిగా రాశాడు. చదువుకున్నవాడు ఫిర్యాదు రాస్తే కూలీని పిలిచి అడిగేవాడెవడు? మూడో రోజుకు బాషా బస్టాండులో లేడు.

అప్పట్నుంచి కవర్లకు లక్క ముద్ర వేసి ధనంజయే డ్రైవరుకు ఇస్తూ వచ్చాడు. ఎవడూ చించలేదు.

తర్వాతి ఆదివారం అరపేజీ పావుపేజీ అయింది. పై ఆదివారం ఒక్క కాలమ్. ఆ పై ఆదివారం ఏమీ లేదు.

ధనంజయ బస్సెక్కి విజయవాడ పత్రికాఫీసుకు వెళ్ళాడు.

వార్తలు దిద్దే డెస్కులో ఉన్నది మునిరామయ్య. పుట్టింది పలమనేరు. మన జిల్లా పిల్లోడు వచ్చినాడని టీ తెప్పించాడు. మూడు వారాలుగా వార్తలు ఎందుకు చచ్చిపోయాయో చెప్పమన్నాడు.

మునిరామయ్య పాత కాగితాల కట్ట విప్పి ఒకటి తీశాడు.

ముందు పక్క ధనంజయ దస్తూరీ. "వడమాలపేట సమీప పల్లెలో మృత్యుదేవత కరాళ నృత్యం. ఇద్దరు చిన్నారుల దుర్మరణం." దాని మీద అడ్డంగా ఎర్ర గీత.

వెనక పక్క పెన్సిలుతో వంకర అక్షరాలు.

"పోయింది ఇద్దరు కాదు, ముగ్గురు. నాగులమ్మ కొడుకు, కుప్పయ్య కూతుర్లు ఇద్దరు. వాంతులు, బేదులు. తాగే బావిలోకి పశువుల గుంట నీళ్ళు దిగుతుండాయి. డాక్టరు ఒక్కసారీ రాలేదు. బస్సు దిగినప్పుడు నాగులమ్మే చెప్పింది."

అచ్చయింది అదే. పైన పేరు మాత్రం ధనంజయది. ఆ కటింగు హాస్టలు గోడకు అతికించి రోజూ చూసుకున్నాడు. డెస్కువాళ్ళు దిద్దారనుకున్నాడు.

ఆ మాటే అంటే మునిరామయ్య నవ్వాడు.

"ఈడ కూసున్న నాకు నాగులమ్మ ఎవురో ఎట్ల తెలుస్తాదబ్బా?"

కట్టలో ప్రతి కాగితం వెనకా పెన్సిలు రాత ఉంది. చివరి మూడు వారాలవి ఖాళీ.

మునిరామయ్య సొరుగులోంచి టైపు కొట్టిన కాగితం తీశాడు. జిల్లా విలేకరి ఉద్యోగం ఆర్డరు.

"పేరు కాడ ఖాళీ పెట్టినా. వెనక పక్క రాసేది ఎవురో చెప్పు, రాసేస్తా. నువ్వేనా?"

ధనంజయ నోరు తెరిచాడు.

మర్నాడు తిరుపతి బస్టాండులో దిగి, పూలమ్మే చెంగమ్మను ఏదో అడిగాడు. అక్కడి నుంచి నేరుగా కాలేజీకి పోయాడు. తరగతి జరుగుతుండగానే ఆర్డరు పరంధామయ్య బల్ల మీద పెట్టాడు.

ఆయన ముఖం వెలిగింది. మన వాడికే వచ్చిందా అని కళ్ళద్దాలు సవరించుకుని చదివాడు. తర్వాత వెతుక్కుంటున్నట్టు తరగతంతా చూశాడు. ఈ పేరు గలవాడు ఏ బ్యాచి అని అడిగాడు.

"ఏ బ్యాచీ కాదు సార్. మనం కాగితం రాసి బస్టాండు నుంచి తరిమేసినాయన."

పరంధామయ్య సుద్దముక్కతో బోర్డు వైపు తిరిగాడు. పాఠం అయ్యాక మాట్లాడదామన్నాడు.

"పాఠం తర్వాతైనా చెప్పుకోవచ్చు సార్. మన జిల్లా విలేకరి తడ చెక్‌పోస్టు కాడ మూటలు మోస్తా ఉండాడు. మీరూ రాండి, పోయి పిల్చుకొని వద్దాం."