పరీక్షలో లేని ఆకులు

కొండ మీద ఒక ఎలుగుబంటి వైద్యం నేర్పేది. ఏటా ఒక్కరినే శిష్యరికానికి చేర్చుకునేది. వచ్చినవాళ్లందరికీ అవే పది ఆకులు చూపించి, పేర్లు చెప్పమనేది.

ఆ ఏడు చిత్తడి నేల నుంచి ఒక నీటికోడి పిల్ల వచ్చింది. మూడు పేర్లే చెప్పగలిగింది.

"గురువుగారూ, అన్నీ కొండాకులే పెట్టారు. మా వైపు కూడా మొలిచేవి ఇందులో మూడే ఉన్నాయి," అంది కళ్లనీళ్లతో.

కొడుకును పరీక్షకు తీసుకొచ్చిన ఒక నెమలి వెంటనే అందుకుంది. వాడికి రెండే వచ్చాయి మరి.

"పాపం, నిజమే. ఈ పరీక్షే అన్యాయం. తీసేసి, పెద్దల సిఫార్సు చూసి చేర్చుకోండి."

నీటికోడికి కంగారు పుట్టింది. "వద్దండి. నాకు సిఫార్సు చేసే పెద్దలెవరున్నారు? పరీక్ష ఉండబట్టే ఈ గడప తొక్కాను. దాన్ని తీసేయకండి, మా ఆకులు కూడా కలపండి."

తన పరీక్షలో లోపం ఉందని ఎలుగుబంటికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అది కాసేపు ఆలోచించి, "పద, మీ ఆకులు చూపించు," అంటూ కొండ దిగింది.

వారం తర్వాత మళ్లీ పరీక్ష పెట్టింది. ఈసారి ఐదు కొండాకులు, ఐదు చిత్తడి ఆకులు. ఆ వారమంతా కొండ ఎక్కుతూ దిగుతూ నేర్చుకున్న నీటికోడికి తొమ్మిది వచ్చాయి. అంతకు మించి ఎవరికీ రాలేదు. సీటు దానికే దక్కింది.

మర్నాడు పొద్దున్నే నెమలి కొడుకును వెంటబెట్టుకుని చిత్తడి నేలకు వచ్చింది. తోకకు బురద అంటకుండా ఎత్తిపట్టుకుని, నీటికోడి తల్లిని మర్యాదగా అడిగింది.

"అక్కా, ఈ ఆకు పేరేమిటి?"