పూజగదికి చెక్క

గోవిందస్వామి నడుమెత్తు నుంచి ఇనుపగుండు వదిలాడు. నల్లమద్ది చెక్క మీద గీత కూడా పడలేదు. టేకు మీద చిన్న సొట్ట పడింది. పైన్ చెక్కలో మాత్రం గుండు గుంట చేసుకుని కూర్చుంది.

"సూస్తిరి కదమ్మా. నేలకు నల్లమద్దిని మించింది లేదు" అన్నాడు. మదనపల్లెలో కలప డిపో అతనిది.

యశోదమ్మ తలూపింది. పుంగనూరు ఇంట్లో ఆమె పూజగదికి చెక్క నేల వేయిద్దామన్నది కోడలు స్వర్ణలతే. చల్లటి బండల మీద కూర్చుని జపం చేస్తే అత్తకు కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. లేచేటప్పుడు తూలుతోంది.

"పైన్ ఇయ్యన్నా" అంది స్వర్ణలత.

యశోదమ్మ ముఖం మాడిపోయింది. పోయినేడు స్వర్ణలత కుప్పంలో తన తల్లి చెంగమ్మ పూజగదికి దగ్గరుండి నల్లమద్ది వేయించింది. అద్దంలా మెరిసే ఆ నేలను చూసొచ్చిన రోజు యశోదమ్మకు అన్నం సయించలేదు. ఈమధ్య చెంగమ్మ ఫోను కూడా చేయడం లేదు. అంత నేల మీద నడిచే మనిషి, ఎందుకు చేస్తుంది?

"మీ యమ్మకు నల్లమద్ది, నాకు పైనా?"

"మీకు ఇదే బాగుంటాది అత్తా."

"చెంబు పడినా సొట్ట పడ్తాదమ్మా" అన్నాడు గోవిందస్వామి.

"పడనీలేన్నా."

"ఆమె దేవుడు గొప్పోడు, నా దేవుడు తక్కువోడా?" అంది యశోదమ్మ.

స్వర్ణలత పైన్ చెక్కను గోటితో నొక్కింది. గోరు దిగింది. తృప్తిగా తల పంకించింది.

అది చూశాక యశోదమ్మ అక్కడ నిలవలేకపోయింది. బయటికొచ్చి ఆటోలో కూర్చుంది.

'స్వామీ, దాన్ని కూతురనే అనుకుంటినే. నేనేం తక్కువ చేసినాను?' అని లోలోపలే అడిగింది. ఇంకొకరింటి నేల గురించి దేవుడికి మొరపెట్టుకోవచ్చా అన్న అనుమానమూ వచ్చింది.

అయినా మనసు ఊరుకోలేదు. నల్లమద్దే కావాలని తెగేసి చెప్పడానికి ఆటో దిగింది. డిపో వాకిలి దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి కోడలి గొంతు సన్నగా వినిపించింది.

"మా అత్త భయపడతాదని చెప్పలేదన్నా, మా యమ్మ ఆ నల్లమద్ది నేల మీదే పడి తుంటి విరిగి నెల నుంచి మంచంలో ఉండాది."