ఆరు కోళ్ళ తెర

"ఆ కాళ్ళ మీద ఆ కోడి నిలబడదండీ."

నాగదుర్గ చేతిలో ఉలి ఆగింది.

తలెత్తి చూసింది. గుమ్మంలో ఎవరో పెద్దాయన. భుజాన గుడ్డసంచి, చంకలో గొడుగు.

తండ్రి దగ్గర నేర్చుకుని, పెడనలో ఇరవై ఏళ్ళుగా కలంకారీ అచ్చులు చెక్కుతోంది ఆమె. ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు.

"బాగానే ఉంది కదండీ. దుప్పట్ల మీదకి అందరూ ఇలాంటి కోడినే అడుగుతారు," అంది.

"నాటుకోడి కాళ్ళకి బ్రాయిలర్ రొమ్ము పెట్టారమ్మా. ముందుకి బోర్లా పడుతుంది."

ఆమెకి ఒళ్ళు మండింది.

"మీరు డ్రాయింగు మాస్టారా?"

"కాదమ్మా. కోళ్ళని చూసినవాణ్ణి. నా పేరు రామబ్రహ్మం. మాది గుడివాడ."

సంచిలోంచి ఆరు కాగితాలు తీసి ఆమె ముందు వరసగా పరిచాడు. ఒక్కోదాని మీద ఒక్కో కోడి.

మొదటిది అడవికోడి. సన్నగా, తోకెత్తి, ఇప్పుడో ఇంకాసేపటికో ఎగిరిపోయేలా ఉంది. రెండోది పెరట్లో తిరిగే నాటుకోడి. మూడో దాని నుంచి రొమ్ము పెరగడం మొదలైంది. నాలుగు, ఐదు కాగితాల్లో ఇంకా పెరిగింది. ఆరో కోడి నిలబడి లేదు. రొమ్ము నేలకానించి కూర్చుంది. ముఖం మాత్రం పసిదానిది.

"చివరి నాలుగూ ఒకే వయసువమ్మా. ఒక్కోటి పుట్టిన దశాబ్దమే వేరు. వీటికి అచ్చులు చెక్కి, ఒకే తెర మీద వరసగా వెయ్యాలి."

"ఎవరు కొంటారండీ? నెమలో చిలకో అడగండి, చెక్కి ఇస్తాను."

"అమ్మడానికి కాదు. పక్కపక్కన పెట్టి చూడ్డానికి."

పంపించేద్దామనే అనుకుంది. కానీ ఆ ఆరో కోడి మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

మర్నాటి నుంచి ఆయన పొద్దున్నే బస్సు దిగి వచ్చేవాడు. ముక్కాలిపీట మీద కూర్చుని, ఆమె చెక్కుతుంటే చూసేవాడు.

"తొడ ఇంకా ఎడంగా ఉండాలమ్మా."

"రెక్క అంతుండదు. దాంతో దానికి పనిలేదు."

ఒకరోజు ఆమెని వీధి చివర ముజీబ్ చికెన్ షాపుకి తీసుకెళ్ళాడు.

"ఒక కోడిని కిందకి దించు బాబూ. మెల్లిగా," అన్నాడు.

ముజీబ్ నవ్వుతూ దించాడు. కోడి నాలుగడుగులు వేసింది. కూలబడింది.

"ఎందుకలా కూర్చుంది?" అంది నాగదుర్గ.

"ఒళ్ళు మొయ్యలేక. దాని వయసు ముప్పై ఎనిమిది రోజులు. నాటుకోడి పిల్ల అయితే ఈ వయసుకి మీ అరచేతిలో పడుతుంది."

ఈ షాపు ముందు నుంచి ఆమె రోజూ నడుస్తుంది. వారం వారం కొంటుంది కూడా. ఏనాడూ కోడిని చూడలేదు.

"ఎవడు చేశాడండీ దీన్నిలా? వాడికి పుట్టగతులుండవు," అంది కోపంగా.

ఆయన వంగి కోడి వీపు నిమిరాడు.

"మెత్తగా కావాలన్నాం. చవగ్గా కావాలన్నాం. ఆదివారం ఆదివారం కావాలన్నాం. కోడి మన మాట విన్నదమ్మా."

నడుం ఎత్తి మళ్ళీ అన్నాడు. "మా చిన్నప్పుడు కోడికూరంటే ఏడాదికి రెండుసార్లు. ఇప్పుడు కూలికెళ్ళే ఇంట్లో కూడా పిల్లలు తింటున్నారు. అదీ నిజమే."

నాలుగు నెలలు పట్టింది. ఆరో అచ్చు మూడుసార్లు పాడుచేసి నాలుగోసారి చెక్కింది నాగదుర్గ.

గుడ్డ మీద అద్ది, ఉడకబెట్టి, కాలవలో జాడించి, ఎండలో ఆరేశారు. నల్లటి గీతల్లో, ఇటుకరంగు ఈకల్లో ఆరు కోళ్ళు.

ఎగరబోయే కోడి దగ్గర నుంచి లేవలేని కోడి దాకా ఆమె మెల్లగా నడిచింది. ఎన్ని నెమళ్ళు చెక్కినా ఏ గుడ్డనీ ఆమె ఇలా నడిచి చూడలేదు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"సరిగ్గా వచ్చిందమ్మా," అన్నాడు. తెర మడతపెట్టి ఆమె చేతికిచ్చాడు.

"బందరులో చేనేత ప్రదర్శన ఉందటగా, అక్కడ కట్టండి. నా పేరు వద్దు. మీ పేరే రాయండి. ఆఖరి రోజు వస్తాను."

ప్రదర్శనలో చీరల దగ్గరకన్నా ఆ తెర దగ్గరే జనం ఎక్కువ ఆగారు. పిల్లలు కోళ్ళని లెక్కపెట్టారు. కోళ్ళఫారం నడిపే ఒకాయన అరగంట నిలబడి వెళ్ళిపోయాడు.

అందరూ నాగదుర్గనే మెచ్చుకున్నారు.

"చెయ్యి నాది. కన్ను మాత్రం గుడివాడ మాస్టారిదండీ," అని చెబుతూనే ఉంది.

ఆఖరి రోజు సాయంత్రం దాకా ఆయన కోసం ఎదురుచూసింది. రాలేదు.

తెర దించబోతుంటే, నడివయసు ఆవిడ ఒకరు గబగబా వచ్చింది.

"ఒక్క నిమిషం ఉంచండి. నా పేరు జ్యోతిర్మయి. పశువుల డాక్టర్ని. రామబ్రహ్మం గారి శిష్యురాలిని."

"మాస్టారు రాలేదేమండీ?"

"మంగళవారం పోయారు. తెర చూసి రమ్మని ముందురోజే నాకు చెప్పారు."

నాగదుర్గ దించబోయిన తెర అంచుని మళ్ళీ పైకి కట్టింది.

తర్వాత అడిగింది. "బొమ్మలు ఎక్కడ నేర్చుకున్నారండీ ఆయన? ఎముక ఎముకా తెలిసినట్టు గీశారు."

జ్యోతిర్మయి మూడో కోడి మీద చెయ్యిపెట్టి, ఆరో కోడి దాకా మెల్లగా జరిపింది.

"బొమ్మలు రిటైరయ్యాక నేర్చుకున్నారండీ," అంది. "అంతకుముందు ముప్పై ఏళ్ళు, ఏ పుంజుకి ఏ పెట్టని కలపాలో చూసి చూసి, ఈ కోడిని ఆ కోడిగా చేసింది ఆయనే."