మొదటి కుర్చీ

"మళ్లీ ఆవిడకేనా ముందు?"

నర్సు మీద విసుక్కుంది బట్టలు కుట్టే ఇల్లాలు.

ఆస్పత్రి గదిలో కిటికీ పక్కన మొదటి కుర్చీ. అందులో ఎప్పుడూ నీలం శాలువా ఆవిడే. కొత్త మందు మోతాదు పెంచిన ప్రతిసారీ మొదట ఆవిడకే ఎక్కిస్తారు. డాక్టరు పక్కనే కూర్చుని చూసుకుంటాడు.

ఇల్లాలి భర్త లారీ డ్రైవరు. అతని మెడ కింద గడ్డలు. అతని వంతు మాత్రం వారం తర్వాత.

"రోగాలతో పోరాడాల్సిన కణాలే అదుపు తప్పాయమ్మా," అని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. "వాటి లోపల ఒక ప్రోటీను 'ఎదుగు, ఎదుగు' అని కబురు పంపుతూనే ఉంటుంది. ఈ మందు దాని నోరు నొక్కుతుంది."

"అచ్చం మా ఆడపడుచే," అంది ఇల్లాలు.

ఆమెకు ఒళ్లు మండే సంగతి ఇంకొకటుంది. శాలువా ఆవిడ రాగానే భర్త లేచి నిలబడతాడు. దిండు సర్దుతాడు. నారింజ వలిచి తొనలు చేతిలో పెడతాడు.

"నాకెప్పుడైనా వలిచావా?"

"నెమ్మదిగా మాట్లాడు. వింటుంది."

"విననీ. ఎవరావిడ నీకు?"

"ఎవరూ కాదు."

ఒకరోజు తెగించి ఆవిడనే అడిగేసింది. "ఈసారి మా ఆయన్ని ముందు కూర్చోనివ్వండి. మీదొక్కటేనా ప్రాణం?"

శాలువా ఆవిడ నవ్వింది. "కాస్త ఓపిక పట్టమ్మా. నా తర్వాత మీ ఆయనే."

"మహారాణి!" అని గొణుక్కుంది ఇల్లాలు. వెళ్లేటప్పుడు ఆవిడ చెయ్యి ఊపితే మొహం తిప్పుకుంది.

తర్వాత వచ్చేసరికి మొదటి కుర్చీ ఖాళీగా ఉంది.

"పద, కూర్చో! ఇన్నాళ్లకి మన వంతొచ్చింది."

భర్త కూర్చోలేదు. కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడిపోయాడు.

నర్సు మందు సంచి తెచ్చింది.

"ఇదేంటి, పోయినసారంతే ఉంది? పెంచుతామన్నారుగా?"

"ఇక పెంచరమ్మా. పెంచితే గుండె తట్టుకోదని తేలింది."

"ఎవరి గుండె?"

నర్సు ఖాళీ కుర్చీలోని దిండు తీసుకుంది. "ఆవిడది. ముందు ఒకరికిచ్చి చూశాకే కదా మిగతావాళ్లకి ఇచ్చేది."

ఇల్లాలు ఖాళీ కుర్చీ వైపు తిరిగింది. "పాపం, ఆవిడనే ఎందుకు ముందు పెట్టారు?" అంది.

"ఆవిడని కాదు, నన్నే పెట్టారు," అన్నాడు భర్త. "మొదటి రోజు భయపడి నేను వెనక్కి జరిగితే, 'నాకోసం ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరులే తమ్ముడూ' అని వచ్చి నా కుర్చీలో కూర్చుంది."