నక్క వాటా

నారు ఆకు ముట్టుకోగానే నజారియా వేళ్ళు జిగురుకి అంటుకుపోయాయి.

"పురుగు వాలిందంటే ఇరుక్కుపోవాల్సిందే, అమ్మా! మా కొత్త బంగాళాదుంప," అన్నాడు వ్యవసాయ ఇంజనీరు గ్రిమాల్దో గర్వంగా.

ఆమె వేళ్ళు వాసన చూసుకుంది. కోపంతో ఒళ్ళు మండిపోయింది.

"ఇది నక్క దుంప జిగురు!"

"అవును, ఆ అడవి మొక్కతోనే సంకరం చేశాం."

"పదిహేనేళ్ళ కింద, ఇదే గట్టు మీద, అది కలుపు, పీకెయ్యమన్నది నువ్వు కాదూ? 'నక్క వాటా నక్కకి ఉండనీ' అని మా అత్త అడ్డం పడితే, ముసలిదానికి మతి పోయిందని నవ్వావు. నీతోపాటు నేనూ నవ్వాను. ఒక్కటి మిగలకుండా నాచేతే పీకించావు! మరి నీకెక్కడిది?"

గ్రిమాల్దో తల దించుకున్నాడు.

"మర్నాడే మీ అత్తగారు పీకేసిన మొక్కల గింజకాయలు మూటగట్టుకుని కుస్కో పట్నంలో మా ఆఫీసు దాకా నడిచొచ్చారు. పురుగు ముట్టని మొక్కని పీకించేవాడు ఇంజనీరేంట్రా అని తిట్టారు. వెళ్తూ, 'మా కోడలికి చెప్పకు, సిగ్గుపడుతుంది' అన్నారు."

నజారియా బోసిగట్టు వైపు చూసింది. తర్వాత నారుబుట్టను కాలితో అతని మీదికి నెట్టింది.

"నీ దుంప తర్వాత. ముందు మా అత్త ఇచ్చిన గింజలు పట్రా. గట్టు మీద నక్క వాటా పెట్టాకే, పొలంలో మన వాటా."